కాలువ తెర ముందు నిలబడినవాళ్ళు

తార్నాకలో మా స్టూడియో మూతపడేనాటికి నాకు ముప్పై ఏళ్ళు నిండలేదు. ఈ వయసులో పని నుంచి విరమించానంటే ఇంట్లో నవ్వుతారు. కాని నేను నేర్చుకున్న పని ఆ రూపంలో ఇప్పుడెక్కడా లేదు, దానికోసం ఇంకోచోట వెతకాలనీ లేదు. కాబట్టి విరమించాననే అనుకుంటున్నాను.

వారాసిగూడలో మా వీధిలోని అక్కాచెల్లెళ్ళిద్దరు ఈమధ్య పోర్ట్రెయిట్ ఫోటోల వ్యాపారం మొదలుపెట్టారు. ఒక సాయంత్రం మా ఇంటికొచ్చి, "అక్కా, ఏమేం సామాన్లు కొనాలె? నువ్వు చెప్తే గవే కొంటం" అన్నారు. మా వరండాలో ఒక చెక్క స్తంభం ఉంది. నడుమెత్తు ఉంటుంది, రాతి స్తంభంలా రంగు వేసి ఉంటుంది. మా అమ్మ దానిమీద ఉతికిన తువాళ్ళు ఆరేస్తుంది. చిన్నమ్మాయి దాన్ని వేలితో కొట్టి చూసి, "గిదెందుకు దాచినవ్ అక్కా, పొయ్యిల పెట్టక?" అంది.

ఎదురుగా కూర్చుని వివరంగా చెప్పడం నాకు చేతకాదు. మాట నోటిదాకా వచ్చేసరికి ఎదుటివాళ్ళు వేరే విషయంలోకి వెళ్ళిపోతారు. రాయమంటే రాస్తాను. రోజూ రాత్రి డైరీలో నాలుగు ముక్కలు రాసుకునే అలవాటుంది, ఇదీ అలాగే వాళ్ళకోసం రాస్తున్నాను. ఏ కెమెరా కొనాలో, ఎంత తీసుకోవాలో ఇందులో లేదు. మనిషి చేతికి ఏమివ్వాలి, వెనక ఏం పెట్టాలి, ఎప్పుడు ఏమీ అనకుండా ఊరుకోవాలి, అంతే.

సామాను గది

మా స్టూడియో యూనివర్సిటీ గేటు నుంచి నడిచి రాగలిగే దూరంలో ఉండేది. యజమాని ప్రసాదరావు గారిది కృష్ణాజిల్లాలో సముద్రం వైపు పల్లె. కుర్రతనంలో హైదరాబాదు వచ్చి, బోర్డులు రాసే చోట పని నేర్చుకుని, తర్వాత ఫోటోలకు మళ్ళారు. మా నాన్న భువనగిరి పక్కన సేద్యం సాగక పట్నం వచ్చినవాడు. డిగ్రీ అయ్యాక, ఆడవాళ్ళ కుచ్చిళ్ళు సర్దడానికీ పూలు పెట్టడానికీ ఒక అమ్మాయి కావాలని తెలిసి నేను ఆ స్టూడియోలో చేరాను.

లోపల చిన్న సామాను గది ఉండేది. మోగని టెలిఫోను, వెనక క్లిప్పులు పెట్టి ఎవరికైనా సరిపోయేట్టు చేసే రెండు కోట్లు, పట్టా పుచ్చుకునేటప్పుడు వేసుకునే నల్లగౌను, ప్లాస్టిక్ గులాబీలు, బొమ్మ వీణ, బంగారు అక్షరాల లావుపాటి పుస్తకాలు. చేరిన రోజే ఆశగా ఒక పుస్తకం తీశాను. ఖాళీ డబ్బా. వరుసంతా ఖాళీ డబ్బాలే.

"ఏవమ్మాయ్, చదువుకుందామనుకున్నావా?" అని నవ్వారు సార్.

నాకు సిగ్గేసింది. అయినా ఆ డబ్బాలు నచ్చలేదు. డబ్బా పట్టుకున్నవాళ్ళ కళ్ళు దాని అంచు దగ్గరే ఆగిపోయేవి. అప్పటినుంచి నా సంచిలో ఉన్న పుస్తకమే ఇచ్చేదాన్ని. లైట్లు సర్దేలోపు వాళ్ళు అందులో నాలుగు లైన్లు చదివేవారు. తల ఎత్తినప్పుడు కళ్ళల్లో ఇంకా ఏదో కదులుతుండేది. సార్ అది గమనించారు. ఒకరోజు ఆ డబ్బాలు అటకెక్కాయి.

ఒక విషయంలో మాత్రం చాలాకాలం తిట్లు తిన్నాను. కెమెరా సిద్ధమయ్యాక, కూర్చున్న మనిషిని "ఇటు చూడండి" అనాలి. నా గొంతు బయటికొచ్చేది కాదు.

"ఇటు చూడండి అనడం రాకపోతే ఈ పని రాదమ్మాయ్. మనిషి చూపు మన చేతిలో ఉండాలి. తక్కినవన్నీ సామాన్లే" అనేవారు.

వీణ

తార్నాకలో బాంకు ఉద్యోగాల మీద వచ్చి స్థిరపడిన కుటుంబాలు చాలా ఉండేవి. అలాంటి ఇంటినుంచి ఒకావిడ కూతుర్ని పెళ్ళిచూపుల ఫోటోకు తీసుకొచ్చింది. వస్తూనే వీణ అడిగింది.

"నాకు రాదు కదమ్మా" అంది కూతురు.

"ఫోటోలోంచి వినపడుతుందిటే?"

ఆ అమ్మాయి వీణను, నిద్రపోతున్న వేరేవాళ్ళ బిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుంది. బొటనవేలు ఎక్కడ పెట్టాలో తెలియక లోపలికి ముడుచుకుంది. సార్ చాలాసేపు చూసి, "ఇంట్లో మీరేం చేస్తుంటారమ్మా?" అని అడిగారు. తలొంచుకుని, "ఊరికే... గోరింటాకు బాగా పెడతాను" అంది. మా సార్ వీణ తీసేసి ఆమె చేతులు ఒడిలో ఖాళీగా పెట్టించారు. ఆ అరచేతుల్లో ఆమె పెట్టుకున్న గోరింటాకు ఉంది. తల్లి ముఖం మాడ్చుకుంది. కాని ఆ స్టూడియోలో నేను చూసిన మంచి ఫోటోల్లో అదొకటి.

దీన్నుంచి నేను నేర్చుకున్నది ఇదే. చేతికి తెలియని వస్తువు ఇస్తే చెయ్యి భయపడుతుంది. ముఖాన్ని నవ్వించవచ్చు, చేతిని నవ్వించలేం. అందుకే మొదట అడగండి, తర్వాత ఇవ్వండి. చాలామందికి అసలేమీ ఇవ్వనక్కర్లేదు.

నీళ్ళు ఎక్కువ రావాలె

మా స్టూడియోలో అందరికీ నచ్చే సామాను ఒకటుండేది. అది సార్ తన చేత్తో గుడ్డమీద వేసుకున్న తెర. నిండా పారే కాలువ, గట్టున కొబ్బరిచెట్లు, దూరంగా ఒక పడవ. మెట్టుగూడలో అద్దెగదిలో ఉన్న రోజుల్లో, ఇల్లు గుర్తొచ్చినప్పుడల్లా కొంచెం కొంచెంగా వేశారట. ఆ తెర ముందు చెక్క స్తంభం నిలబెడితే, గట్టుమీద రాతి రేవులో మనిషి నిలబడ్డట్టే ఉండేది.

క్యాంపస్‌లో ఎమ్మే చదివే యాదగిరి అనే అబ్బాయి ఒకసారి వచ్చాడు. జనగామ వైపు ఊరు. వెంట స్నేహితుడు సంపత్ ఉన్నాడు. సంపత్ నోరు ఊరుకోదు. తెలంగాణ ఉద్యమం అప్పటికే క్యాంపస్‌లో రాజుకుంది. ఇద్దరూ ఏదో సభ నుంచి నేరుగా వచ్చారు, గొంతులు బొంగురుపోయి ఉన్నాయి.

నేను గౌను తెచ్చాను. యాదగిరి వద్దన్నాడు. "పట్టా వచ్చినంక ఏసుకుంట అక్కా. ఇప్పుడే ఏసుకుంటే అచ్చిరాదు."

కోటూ వద్దన్నాడు. తెర దగ్గరికి వెళ్ళి నీళ్ళవైపు అలా చూస్తూ ఉండిపోయాడు.

"మా అమ్మకు పంపుత. మా దిక్కు బోర్లన్ని ఎండినయి. నీళ్ళు కనవడితే ఖుషైతది."

"నువ్వు గాదురా, నీళ్ళే దిగుతున్నయి ఫోటో" అన్నాడు సంపత్.

యాదగిరి స్తంభం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. మళ్ళీ పక్కకు జరిగాడు. "సార్, నీళ్ళు ఎక్కువ రావాలె."

"అటు జరిగితే స్తంభం సగానికి తెగిపోతుందయ్యా. చూడ్డానికి బావుండదు" అన్నారు సార్.

"తెగనియ్యున్రి సార్. నీళ్ళు తెగొద్దు."

సార్ గొణుక్కుంటూనే ఒప్పుకున్నారు. నా వంతు వచ్చింది. ఇటు చూడండి అన్నాను.

"అక్కా, నువ్వు అన్నది కనీసం నీకన్న వినవడ్డదా?" అన్నాడు యాదగిరి. ముగ్గురూ నవ్వారు. ఆ నవ్వు ఇంకా పూర్తిగా పోకముందే సార్ ఫోటో తీశారు. కుడి అంచున స్తంభం సగం తెగింది, అతని చెయ్యి ఆ సగంమీద ఉంది. మిగతాదంతా కాలువే.

తాడిచెట్లు

తర్వాతి నెలల్లో తార్నాక రోడ్డు ఎప్పుడు తెరిచి ఉంటుందో ఎప్పుడు మూసి ఉంటుందో తెలిసేది కాదు. బాష్పవాయువుకు కళ్ళు మండుతుంటే షట్టర్ సగం దించి లోపల కూర్చునేవాళ్ళం. నేను ఎటువైపో సార్ ఎప్పుడూ అడగలేదు. తెలంగాణ రావాలని నాకు లోపల గట్టిగా ఉండేది. ఆయన ఎదుట ఆ మాట ఎప్పుడూ అనలేదు. ఇద్దరం టీ తాగుతూ వాన గురించి మాట్లాడుకునేవాళ్ళం.

ఒకరోజు సంపత్ ఏడెనిమిది మందితో గ్రూపు ఫోటోకు వచ్చాడు. యాదగిరి కూడా ఉన్నాడు. తెర దించగానే సంపత్ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"ఏంది సార్ గిది, ఫోటోల గూడ మీ ఆంధ్రలనే నిలవడాల్నా మేము? గీ కొబ్బరిచెట్లు పీకెయ్యున్రి. మా దిక్కు తాడిచెట్లుంటయి, గవి పెట్టున్రి."

అందరూ నవ్వారు. సార్ కూడా నవ్వారు. "ఊకోరా" అన్నాడు యాదగిరి, "మంచిగున్నది గా తెర." ఫోటో ఆ కాలువ ముందే దిగి, సార్‌కు దండాలు పెట్టి వెళ్ళిపోయారు. అది బెదిరింపు కాదు. సంపత్ అలాగే మాట్లాడతాడు, సార్ దగ్గర చనువుండే అన్నాడు. కాని మంచి రోజుల్లో అన్న హాస్యం వేరు, భయం రోజుల్లో అన్న హాస్యం వేరు. అన్నవాడు దాన్ని గుమ్మంలోనే మరిచిపోతాడు. విన్నవాడు ఇంటికి తీసుకెళ్తాడు.

ఆ వారం సెలవు తరువాత వచ్చి చూస్తే సార్ తెరను నేలమీద పరిచి రంగు కలుపుకుంటున్నారు. కాలువ మీద అప్పటికే మట్టిరంగు పడింది.

"వేరే గుడ్డ కొనొచ్చు కదా సార్" అన్నాను.

"ఇది మడిచి ఎక్కడ పెట్టను? ఉంటే ఎవరో ఒకరు తీసేయమంటారు, ఇంకొకరు వేయమంటారు. గుట్ట ఎలా ఉంటుందో చెప్పు. మీ ఊళ్ళో ఉంటుందిగా."

చెప్పాను. బండరాయి మీద బండరాయి ఎలా ఆగి ఉంటుందో చెప్పాను. తాటాకు విప్పిన విసనకర్రలా ఉంటుందని చేత్తో చూపించాను. గుట్ట బాగా కుదిరింది. తాడిచెట్లే కుదరలేదు. మాను నల్లగా నిటారుగా వేసేవారు, పైకి వెళ్ళేసరికి చెయ్యి తెలియకుండానే వంగి ఆకులు కొబ్బరి మట్టల్లా వేలాడేవి. తుడిచి మళ్ళీ వేశారు. మళ్ళీ అంతే. ఇక వదిలేశారు. తర్వాత వచ్చిన పిల్లలు "సార్, గివి తాడిచెట్లా కొబ్బరిచెట్లా?" అని అడిగితే, "చిన్నప్పుడు తాడి, పెద్దయితే కొబ్బరి" అనేవారు.

ఆ మాటకు అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని.

కాలువ యాడున్నది

ఉద్యమంలో పోయిన పిల్లల్లో యాదగిరి ఒకడు. ఎలా పోయాడన్నది ఇక్కడ రాయను. వార్త తెలిసిన రోజు సార్ సామాను గదిలోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు.

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం సంపత్ వచ్చాడు. వెంట ఒక సన్నటి మనిషి, తలమీదికి కొంగు. యాదగిరి తల్లి లచ్చమ్మ. హాస్టల్లో ఉన్న కొడుకు సామాను తీసుకుపోవడానికి వచ్చిందట. సంపత్ నన్ను గుమ్మం దగ్గరే ఆపి గొంతు తగ్గించాడు. అతను గొంతు తగ్గించడం నేను చూడటం అదే మొదటిసారి.

"అక్కా, అమ్మ పొద్దటిసంది కాలువ యాడున్నదని అడుగుతున్నది. ఫోటోల ఉన్న కాలువ. యాదగిరి నిలవడ్డ జాగ జూస్తదంట. క్యాంపస్ మొత్తం తిప్పిన. గాదు, గిది గాదంటది. అది తెర అని నా నోటితోని ఎట్ల జెప్పాలె?"

ఆమె లోపలికి వచ్చి, చంకలో ఉన్న తువాలు మూట విప్పి ఫ్రేము కట్టిన ఫోటో చూపించింది. "గిది బిడ్డ. వాడు పంపినప్పటిసంది నాకు రంది లేకుండె. నీళ్ళకాడ ఉన్నడు, సల్లగ ఉన్నడు అనుకున్న. గా గడ్డమీద ఒక్కసారి కూసుంట. కూసోని పోత."

 సార్ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఈలోగా ఆమె కళ్ళు మూలన ఉన్న స్తంభం మీద పడ్డాయి. ఫోటో చూసింది, స్తంభం చూసింది. దగ్గరికి వెళ్ళి రెండు చేతులతో పట్టుకోబోయింది. రాయి అనుకుని బలం పెట్టిందేమో, అది ఒక్కసారిగా పైకి లేచింది.

"చెక్కదా?"

"చెక్కదేనమ్మా" అన్నారు సార్. "కాలువ కూడా... తెర. నేనే వేశాను."

ఆమె స్తంభాన్ని నెమ్మదిగా కింద పెట్టింది. "తీసి సూపియ్యున్రి సారు. తెరైతే ఏమాయె."

"లేదమ్మా. దానిమీదనే ఇంకోటి వేశాను."

ఎందుకని ఆమె అడగలేదు. సంపత్ గోడకు వేలాడుతున్న గుట్టను, చెట్లను చూశాడు. అతనికి అంతా ఒక్కసారిగా అర్థమైనట్టుంది. బయటికి వెళ్ళి మెట్లమీద కూర్చున్నాడు.

ఆమె ఫోటోవైపు చూసి, "ఉత్తదేనా సారు? లేకుంటే యాడనన్న ఉన్నదా గా కాలువ?" అంది.

"ఉందమ్మా. మా ఊళ్ళో, మా ఇంటి ముందు."

"నీళ్ళున్నయా?"

"ఉన్నాయి. ఎండాకాలం కట్టేస్తారు. మళ్ళీ వదిలిన రోజు పిల్లలమంతా ముందొచ్చే నీళ్ళతోపాటు గట్టెంట పరిగెత్తేవాళ్ళం. మొదటి నీళ్ళు నురగతో, ఎండుటాకులు తోసుకుంటూ వస్తాయి. వాసన ముందే వచ్చేస్తుంది."

సార్ అంతసేపు మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. రేవు మెట్లు, పడవ ఎవరిది, ఏ చెట్టు కింద లోతు ఎక్కువ, అన్నీ చెప్పారు. ఆమె ఫోటోలో ఒక్కొక్కటి వేలితో చూపించి అడిగింది. పొలం పని చేసే మనిషి అడిగినట్టే అడిగింది: నీళ్ళు ఏ దిక్కు నుంచి వస్తాయి, ఎన్ని ఊళ్ళకు పారతాయి, చివరి మడికి అందుతాయా.

"అయితే ఉత్తది గాదు" అంది చివరికి.

ఈలోపు లోపలికి వచ్చిన సంపత్ నా పక్కన నిలబడి, "కంప్యూటర్ల కలపొచ్చు గదా అక్కా, అమ్మను వాని పక్కకు?" అన్నాడు. కలపవచ్చు. యాదగిరి ఫోటో మా దగ్గర ఉంది. నేను తల ఊపబోయాను.

"వద్దు కొడుకా" అంది ఆమె. "వానితోని నేనెన్నడు ఫోటో దిగలే. దిగినట్టు అబద్ధమెందుకు?"

సార్ ఆమె చేతిలోని ఫ్రేమును తీసుకుని వెలుతురులో పట్టుకున్నారు. "ఇంట్లో ఇది ఎక్కడ పెట్టారమ్మా? పక్కన జాగా ఉందా?"

"గోడకున్నది. తలుపు దిక్కు జాగున్నది."

"అంటే ఫోటోకు కుడి పక్కనా?"

"ఆఁ, కుడి పక్కనే."

ఆయన స్తంభాన్ని తెచ్చి గుట్ట తెర ముందు పెట్టారు. తెర తీసెయ్యనా అని అడిగాను. సార్ ఆమెవైపు చూశారు. ఆమె తెర చూసి, "గుట్ట మా ఊరి గుట్ట లెక్కనే ఉన్నది. చెట్లే ఏందో తెలుస్తలేదు" అంది. సార్ నవ్వారు. ఆ రోజుకి అదొక్కటే నవ్వు.

స్తంభం ఆమె పక్కన, ఎడమ అంచుకు వచ్చేట్టు పెట్టించారు. కెమెరాలో చూసి, జరిపి, మళ్ళీ చూసి, స్తంభంలో సగమే కనపడేట్టు ఆపారు. అప్పుడు నాకు అర్థమైంది. కొడుకు ఫోటోలో కుడి అంచున తెగిన సగం ఇది. రెండు ఫ్రేములూ గోడమీద ఆనించి పెడితే మధ్యలో ఒకే స్తంభం ఉంటుంది. ఒక పక్క కాలువ, ఒక పక్క గుట్ట.

మీరిద్దరూ ఏ సామాన్లు కొనాలని అడిగారు. స్టూడియో మూసేటప్పుడు ఏదో ఒకటి ఎంచుకోమని సార్ అంటే ఆ స్తంభమే తెచ్చుకున్నాను. వస్తువుకు దానంతట అది విలువ లేదు. దానిమీద ఎవరి చెయ్యి పడింది, తర్వాత ఇంకెవరి చెయ్యి పడుతుంది, అది చూడటమే ఈ పని. కొన్నవాటితో తొందరపడకండి. ఏదీ పారేయకండి. దేనిమీదా రంగు పూయకండి.

లచ్చమ్మ స్తంభం మీద చెయ్యి వేసింది. నేను కొంగు సర్దాను. లైట్లు వేశాను. సార్ కెమెరా వెనక నిలబడ్డారు. ఆమె మాత్రం కెమెరావైపు చూడలేదు. స్తంభం అవతల, ఏమీ లేని గోడవైపు, ఫోటోలో అయితే కొడుకు నిలబడ్డ వైపు, చూస్తూ ఉంది.

సార్ నావైపు చూశారు. నేను చెప్పాల్సిన మాట నాకు తెలుసు. అప్పటికి రోజూ చెప్తున్నదే, గొంతు కూడా బాగానే వస్తోంది.

నేను అనలేదు. సార్ కూడా అనలేదు. అలాగే తీశారు.